కృష్ణుడికి అయిదే అక్షరాలు

1991 చలికాలంలో నాకు గంటకి 4.25 డాలర్ల ఉద్యోగం దొరికింది. అప్పట్లో అమెరికాలో కనీస వేతనం సరిగ్గా అంతే. ఒక్క సెంటు తగ్గించినా చట్టం ఒప్పుకోదు. మా యూనివర్సిటీ లైబ్రరీ నోటీసు బోర్డు మీద, తెలుగు చదవడం వచ్చిన విద్యార్థి కావాలని ఇంగ్లీషులో ఒక కాగితం అంటించి ఉంది. తెలుగు చదవడం వస్తే డబ్బులిస్తారన్న మాట నా జీవితంలో అదే మొదటిసారి వినడం. ఇంజనీరింగు చదువుకని వచ్చినవాణ్ణి, తెలుగు వల్ల నాలుగు డబ్బులు కళ్ళజూస్తానని కలలో కూడా అనుకోలేదు. ఇంకెవరైనా చూసేలోపల ఆ కాగితం పీకి జేబులో పెట్టుకుని పరుగెత్తాను.

పని లైబ్రరీ నేలమాళిగలో. పొడుగాటి బల్ల, దాని మీద ఆకుపచ్చ అక్షరాల టెర్మినలు, పక్కన చెక్క సొరుగులు. సొరుగుల నిండా మూడంగుళాల ఎత్తు, అయిదంగుళాల వెడల్పు ఉన్న అట్ట కార్డులు, ఇనప ఊచకి గుచ్చి. పుస్తకానికి రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒకటి, విషయాన్ని బట్టి ఇంకొకటో రెండో. ఆ కార్డుల మీద ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించాలి. దీనికి రెట్రోస్పెక్టివ్ కన్వర్షన్ అని పెద్ద పేరు ఉంది కానీ అక్కడ అందరూ ముద్దుగా "రెకాన్" అనేవారు. ఎక్కించిన కార్డుని అట్టపెట్టెలో పడెయ్యాలి. పెట్టె నిండితే చిత్తుకాగితాల బండి వచ్చి తీసుకుపోతుంది.

ఆ పెట్టె సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ కథంతా దాని చుట్టూనే.

ముందు, అమెరికా నడిబొడ్డున ఒక నేలమాళిగలోకి తెలుగు కార్డులు ఎలా వచ్చాయో చెప్పాలి. నా వయసు వాళ్ళకి పి.ఎల్. 480 గోధుమలు గుర్తుండే ఉంటాయి. రేషన్ షాపులో వరసలో నిలబడి తెచ్చుకున్న అమెరికా గోధుమలు. పి.ఎల్. 480 అంటే 1954లో అమెరికా చేసిన 480వ నంబరు పబ్లిక్ లా. ఆ చట్టం కింద పంపిన గోధుమలకి మన ప్రభుత్వం డాలర్లలో కాకుండా రూపాయల్లో చెల్లించవచ్చు. ఆ రూపాయలు ఇండియాలోనే గుట్టపడ్డాయి. వాటిని ఏం చెయ్యాలన్నది అమెరికాకి సమస్య అయి కూర్చుంది. 1958లో చట్టాన్ని సవరించి, ఆ డబ్బుతో అక్కడి పుస్తకాలు కొనవచ్చన్నారు. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు ఢిల్లీలో ఆఫీసు తెరిచారు. ఇండియాలో అన్ని భాషల్లోనూ వస్తున్న పుస్తకాలను ఏరి, కొని, అమెరికాలోని పెద్ద పెద్ద యూనివర్సిటీ లైబ్రరీలకి పెట్టెలకొద్దీ పంపడం మొదలుపెట్టారు. షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ, పెన్సిల్వేనియా లాంటి చోట్ల ఇవాళ తెలుగు పుస్తకాలు అరలకొద్దీ కనబడుతున్నాయంటే ఆ గోధుమల పుణ్యమే. మా అమ్మ రేషన్ షాపులో చిల్లర లెక్కపెట్టి ఇచ్చిన రూపాయల్లో ఒకటో రెండో నాకంటే ముందే ఇక్కడికి వచ్చి అరల్లో కూర్చున్నాయని నేను సరదాకి అంటూంటాను.

ఇందులో ఇంకో తమాషా కూడా ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి కేటాయించిన సంఖ్య పి.ఎల్. 4780. అక్కడ పి.ఎల్. అంటే పబ్లిక్ లా కాదు, ఆసియా, ఆఫ్రికా వగైరా భాషలకి పెట్టిన విభాగం గుర్తు. ఏడు అనే అంకె ఒక్కటి మధ్యలో దూరిందంతే. ఏ లైబ్రరీకి వెళ్ళినా ఆ నంబరు కోసం చూస్తాను, పరాయి ఊళ్ళో చుట్టాలిల్లు వెతుక్కున్నట్టు.

ఇక కంప్యూటరు సంగతి. లైబ్రరీ కార్డుని యంత్రానికి అర్థమయ్యేట్టు చేసినావిడ పేరు హెన్రియెట్ ఏవ్‌రమ్. ఆవిడ లైబ్రేరియన్ కాదు, కంప్యూటరు ప్రోగ్రామరు. 1965లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరేనాటికి క్యాటలాగు అంటే ఏమిటో ఆవిడకి పెద్దగా తెలియదు. కార్డు మీద ఒక్కొక్క ముక్క ఎందుకుందో లైబ్రేరియన్లని అడిగి తెలుసుకుంటూ, ఒక్కొక్క ముక్కకీ ఒక నంబరు ఇచ్చుకుంటూ పోయింది. 100 అంటే రచయిత పేరు. 245 అంటే పుస్తకం పేరు. 650 అంటే విషయం. దీనికి మార్క్ అని పేరు. 1966 నవంబరులో 16 లైబ్రరీలతో ప్రయోగం మొదలైంది, పుస్తకాల వివరాలని అయస్కాంతపు టేపుల మీద ఎక్కించి పంపేవారు. 1969 నుంచి అడిగినవాళ్ళకల్లా ఆ టేపులు అందసాగాయి. కంప్యూటరు ప్రపంచంలో పదేళ్ళు బతికిన పద్ధతి ముసలిదైపోయినట్టు లెక్క. మార్క్ ఇప్పటికీ ప్రపంచమంతటా నడుస్తోంది, ఆ నంబర్లతో సహా.

రెండో మనిషి ఫ్రెడ్ కిల్గోర్. ఒక పుస్తకం వంద లైబ్రరీల్లో ఉంటే, వందమంది వందసార్లు కూర్చుని దానికి కార్డు రాయడం ఏం తెలివి అన్నది ఆయన ప్రశ్న. 1967లో ఒహాయో రాష్ట్రంలోని 54 కాలేజీలు కలిసి ఓ.సి.ఎల్.సి. అని ఒక సంస్థ పెట్టుకుంటే దానికి ఆయన పెద్ద అయ్యాడు. 1971 ఆగస్టు 26న ఏథెన్స్ అనే ఊళ్ళో, ఒహాయో యూనివర్సిటీ ఆల్డెన్ లైబ్రరీలో, ఒక టెర్మినలు ముందు కూర్చుని దూరాన ఉన్న కంప్యూటరులో పుస్తకాలని నమోదు చెయ్యడం మొదలుపెట్టారు. ఒక లైబ్రరీ రాసిన వివరం మిగతావాళ్ళందరికీ కనబడుతుంది. మీ దగ్గర కూడా ఆ పుస్తకం ఉంటే మీ లైబ్రరీ గుర్తు దానికి తగిలిస్తే చాలు. విచిత్రం ఏమిటంటే, ఇంత చేసి, ఆ కంప్యూటరు చాలా ఏళ్ళు చేసిన ముఖ్యమైన పని కార్డులు అచ్చువేసి పోస్టులో పంపడం! చివరి కార్డు 2015 అక్టోబరులో అచ్చయింది.

నేను కూర్చున్న టెర్మినలు ఆ వ్యవస్థకి కొసన ఉన్నదే. సొరుగులోంచి కార్డు తియ్యాలి. ఆ పుస్తకాన్ని అప్పటికే ఎవరైనా నమోదు చేశారేమో వెతకాలి. దొరికితే మా గుర్తు తగిలించాలి. దొరక్కపోతే కొత్తగా రాయాలి. చెప్పడానికి ఇంతే.

వెతకడానికి పూర్తి పేరు కొట్టనక్కరలేదు. యంత్రం జ్ఞాపకశక్తి ఖరీదైన రోజుల్లో పుట్టిన పద్ధతి కదా, రచయిత పేరులో మొదటి నాలుగు అక్షరాలు, కామా, పుస్తకం పేరులో మొదటి నాలుగు అక్షరాలు కొడితే సరిపోతుంది. ఇంగ్లీషు పుస్తకాలకి ఈ కిటుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన పుస్తకాల సంగతి వేరు. సగం పేర్లు "శ్రీ"తో మొదలవుతాయి. ఇంకొన్ని "ఆంధ్ర"తో. రోమన్ లిపిలో ఆ మాటలో మొదటి నాలుగు అక్షరాలు కొడితే, అవతల వచ్చే మాట చరిత్రో, భాగవతమో, దీపికో యంత్రానికి తెలిసే దారి లేదు. అన్నీ ఒక్కసారే వచ్చి తెర మీద పడతాయి.

రోమన్ లిపి అన్నాను కదూ. ఇదీ అసలు చిక్కు. ఆ కంప్యూటర్లలో తెలుగు అక్షరం లేదు. తెలుగు పుస్తకం పేరుని రోమన్ అక్షరాల్లోకి మార్చి రాయాలి, దానికి అమెరికా లైబ్రరీలన్నీ ఒప్పుకున్న ఒక పట్టిక ఉంది. దీర్ఘానికి అక్షరం మీద గీత. ట, డ, ణ, ళలకి అక్షరం కింద చుక్క. "శ"కి పైన ఏటవాలు గీత, "ష"కి కింద చుక్క. మా టెర్మినలు మీట పలకలో ఈ గీతలకీ చుక్కలకీ ప్రత్యేకంగా మీటలుండేవి. ముందు చుక్క కొట్టి తరువాత అక్షరం కొట్టాలి. గుడి ఇంకా కట్టకుండా గోపురం మీద కలశం పెట్టినట్టుండేది నాకు.

పట్టిక శాస్త్రీయమైనదే. దాన్ని చూసి తెలుగు పేరుని ఒక్క పొల్లు పోకుండా తిరిగి రాసుకోవచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, వెతికేటప్పుడు యంత్రం ఆ గీతల్నీ చుక్కల్నీ పట్టించుకోదు. "కల", "కళ", "కాల", "కాళ" అన్నీ దానికి ఒకటే మాట. కలలు కనేవాడూ, కళలు నేర్చినవాడూ, కాలం చెల్లినవాడూ ఒకే వరసలో నిలబడాలి. పైగా ఆ పట్టికలో "చ" అంటే ఒక్క సి. సి పక్కన హెచ్ పెడితే అది వత్తు "ఛ". మనవాళ్ళెవరైనా "చరిత్ర" అని వెతకాలంటే సహజంగా సి, హెచ్ అని మొదలుపెడతారు. చరిత్ర ఒక్కటీ దొరకదు, ఛందస్సు మాత్రం దొరుకుతుంది. ఇక కృష్ణుడు. "కృ"లో ఉన్న ఋకారానికి ఆర్ అక్షరం కింద చిన్న సున్నా. అచ్చు వేరే రాయరు. అంటే "కృష్ణ" అనడానికి కె, ఆర్, ఎస్, ఎన్, ఎ, మొత్తం అయిదే అక్షరాలు. ఇంట్లో పుట్టిన తేదీ కాగితాల నుంచి పాస్‌పోర్టు దాకా ఏ కృష్ణా తన పేరు అలా రాసుకోగా నేను చూడలేదు. ఆ క్యాటలాగులో మాత్రం వేల పుస్తకాల్లో కృష్ణుడు ఆ అయిదక్షరాల వెనకాలే దాక్కుని ఉన్నాడు.

ఇక పేరు. ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా? "విశ్వనాథ" దగ్గర వెతకాలా, "సత్యనారాయణ" దగ్గరా? శాస్త్రి, రావు, రెడ్డి ఇంటిపేర్లా, తోకలా? ఢిల్లీ ఆఫీసులో కూర్చుని, నేను పుట్టకముందు నుంచీ ఈ ప్రశ్నలకి ఒక్కొక్క పుస్తకానికీ జవాబు రాసిన తెలుగువాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎక్కడా కనబడవు. మార్క్ రికార్డులో 040 అని ఒక గడి ఉంది, ఈ వివరం ఎవరు రాశారో చెప్పడానికి. అందులో సంస్థ గుర్తు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. కొన్ని పాత కార్డుల మీద, అచ్చయిన రోమన్ అక్షరాల పక్కన ఎవరో సిరా కలంతో ముచ్చటైన గుండ్రటి తెలుగులో పుస్తకం పేరు రాసి ఉండేవారు. అటువంటి కార్డు పెట్టెలో పడెయ్యడానికి చెయ్యాడేది కాదు. అయినా పడేశాను. అదే కదా ఉద్యోగం.

మా సూపర్‌వైజరు రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న అమెరికన్ ఆవిడ. తెలుగు ముక్క రాదు. కానీ పట్టిక ఆవిడకి కంఠతా వచ్చు. తెలుగు అక్షరం చూపిస్తే దాన్ని పలకలేదు కానీ ఎక్కడ చుక్క పెట్టాలో చెప్పేది. మొదటిరోజే ఒక్కటే నియమం చెప్పింది: అనుమానం వస్తే పైకి వెళ్ళి, పుస్తకం తెరిచి చూసి రా, ఆ తరువాతే కార్డు పారెయ్యి. మూడో అంతస్తు. లిఫ్టు నత్తనడక. మొదటి నెలంతా బుద్ధిగా వెళ్ళి చూసివచ్చాను.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్ళాలి. ఇదంతా చదివి, ఆ రోజుల్లో కంప్యూటరుకి రోమన్ తప్ప వేరే లిపి చేతకాదనుకుంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఇలినాయ్ రాష్ట్రంలో అర్బానా అనే ఊళ్ళో, ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్ళు 1960లోనే ప్లేటో అనే యంత్రంతో విద్యార్థులకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. దాని సృష్టికర్త డొనాల్డ్ బిట్జర్. 1972 నాటి ప్లేటో తెర నారింజ రంగులో వెలిగేది. అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలు. ఇవాళ మనం ఫోను మీద వేలితో నొక్కినట్టే ఆ తెర మీద కూడా వేలుపెట్టి జవాబు చూపించవచ్చు. అంతకంటే నాకు నచ్చిన విషయం, అందులో మామూలు అక్షరాలతో పాటు ఇంకో 126 అక్షరాలకి ఖాళీ చోటు ఉంచారు. పాఠం రాసే పంతులు తనకి కావలసిన లిపిని చుక్కలతో తానే గీసుకోవచ్చు. రష్యన్ పాఠాలూ చైనీస్ పాఠాలూ అలాగే నడిచాయి. మన అక్షరాలు గీయడానికీ ఆ చోటు చాలేది.

మరి బడిలో సాధ్యమైనది లైబ్రరీలో ఎందుకు కాలేదు? చాలాకాలం ఇది నాకు అన్యాయంగానే తోచింది. ఆలోచించగా ఆలోచించగా తెలిసిందేమిటంటే, ప్లేటోలో పంతులు గీసుకున్న అక్షరం ఆ పాఠం దాటి బయటికి పోనక్కరలేదు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడికి కనబడితే చాలు. లైబ్రరీ రికార్డు ప్రయాణం చెయ్యాలి. ఢిల్లీలో రాసింది వాషింగ్టన్‌లో అర్థం కావాలి, షికాగోలో అచ్చు కావాలి, మా నేలమాళిగలో కనబడాలి. అందరి యంత్రాల్లోనూ ఉన్న అక్షరాలతో రాస్తేనే అది సాధ్యం. అందుకని తెలుగు పుస్తకానికి ప్యాంటూ షర్టూ తొడిగి బండెక్కించారు. అలా తొడగకపోతే అది అసలు బయలుదేరేదే కాదు. అయితే చైనీస్, జపనీస్, కొరియన్, హీబ్రూ, అరబిక్ భాషల వాళ్ళు 1980ల నుంచీ ఒకరి వెనక ఒకరు తమ లిపిని అమెరికా లైబ్రరీ కంప్యూటర్లలోకి తెచ్చుకోగలిగారు. మనకి ఆ రోజు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మన కుర్రాళ్ళు చేతులు ముడుచుకు కూర్చున్నారని కాదు. సరిగ్గా ఆ ఏళ్ళలోనే హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ కలిసి, రోమన్ అక్షరాల్లో కొడితే తెలుగులో అచ్చయ్యే సాఫ్టువేరు తయారుచేశారు. దాన్నే రిట్ అనేవాళ్ళం. దానితో మొదటిసారి నా పేరు తెలుగులో అచ్చు వేసుకున్న కాగితాన్ని చాలాకాలం దాచుకున్నాను. పగలు లైబ్రరీలో తెలుగుని రోమన్ చెయ్యడం, రాత్రి కంప్యూటరు ల్యాబులో రోమన్‌ని తెలుగు చెయ్యడం. జీతం మాత్రం పగటి పనికే.

ఇప్పుడు అట్టపెట్టె దగ్గరికి వస్తాను.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. బయట మంచు. సోమవారం పరీక్ష. చేతిలో ఒక శతకం కార్డు. తెనాలిలో అచ్చయిన చిన్న పుస్తకం, 1964. నాలుగక్షరాలు, కామా, నాలుగక్షరాలు కొట్టాను. ఒక రికార్డు వచ్చింది. అదే ఇంటిపేరు, అలాగే మొదలయ్యే శతకం పేరు, ఏడాది ఒకటో రెండో అటూ ఇటూ. పేజీల సంఖ్య మాత్రం కలవలేదు. అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. పైకి వెళ్ళి చూడాలి. లిఫ్టు గుర్తొచ్చింది. అచ్చుతప్పు అయి ఉంటుందిలే అనుకుని, ఆ రికార్డుకి మా లైబ్రరీ గుర్తు తగిలించి, కార్డుని పెట్టెలో పడేశాను. ఒక్క మీట. ఆ పుస్తకానికి ఉన్న మిగతా కార్డులూ వాటి వాటి సొరుగుల్లోంచి తరువాతి వారాల్లో పెట్టెలోకి వెళ్ళిపోయి ఉంటాయి.

రెండేళ్ళు గడిచాయి. నా చదువు పూర్తి కావస్తోంది. ఒకరోజు లైబ్రరీ నుంచి ఫోను: ఎవరో ఇండియా పెద్దాయన వచ్చాడు, ఏదో తెలుగు పుస్తకం అడుగుతున్నాడు, మాకు దొరకడం లేదు, ఒకసారి వస్తావా అని. వెళ్ళాను. పంచె మీద కోటు, మెడకి మఫ్లరు, చేతిలో కాగితం. కూతురి దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన రిటైరైన బళ్ళో మాస్టారు.

"బాబూ, మీరు తెలుగువాళ్ళేనా?" అన్నారు. అవునండీ అన్నాను. అప్పుడు కాగితం చూపించారు. వాళ్ళ నాన్నగారు రాసిన శతకం. సొంత డబ్బుతో మూడొందల కాపీలు వేయించారట. 1977 దివిసీమ ఉప్పెనలో ఇంటితో పాటు మిగిలిన కాపీలన్నీ పోయాయట. "అప్పట్లో ఢిల్లీ నుంచి అమెరికావాళ్ళు కొన్ని కాపీలు కొన్నారని మా నాన్నగారు ఊరంతా చెప్పుకునేవారు. ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. ఎలాగూ వచ్చాను కదా, చూసిపోదామని," అన్నారు.

కంప్యూటరులో వెతికాను. ఇంటిపేరుతో వెతికితే శతకం వచ్చింది. అది వీరిది కాదు, వేరే ఊరి కవిది. ఆ రికార్డుకి మా లైబ్రరీ గుర్తు తగిలించి ఉంది. అరలోకి వెళ్తే ఆ కవి పుస్తకం అక్కడ లేదు, ఎప్పుడూ ఉన్న జాడ కూడా లేదు. అప్పుడు నాకు పేజీల సంఖ్య గుర్తొచ్చింది. ఆ శుక్రవారం గుర్తొచ్చింది.

మాస్టారిని రేపు రమ్మని పంపించి, మూడో అంతస్తులో పి.ఎల్. 4780 దగ్గర మొదటి అరలో మొదటి పుస్తకం నుంచి చూడడం మొదలుపెట్టాను. ఏ సంఖ్య దగ్గర ఉందో చెప్పే కార్డు లేదు కనక ఒక్కొక్కటీ తీసి చూడడమే. తెలుగు చిన్న పుస్తకాలని లైబ్రరీవాళ్ళు ఒకే రకం ముదురు రంగు గుడ్డ బైండు చేయిస్తారు, వెన్ను మీద పేరు కూడా ఉండదు చాలావాటికి. రాత్రి పది దాటాక దొరికింది. రెండు లావుపాటి పుస్తకాల మధ్య నలిగి ఉంది. వెనక అట్ట లోపల తేదీలు ముద్రవేసే కాగితం ఖాళీ. 1964 నుంచీ ఒక్కరూ తీసుకెళ్ళలేదు.

మర్నాడు మాస్టారు దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు. మధ్యలో ఒకచోట ఆగి, జేబులోంచి పెన్ను తీసి, మళ్ళీ ఏమనుకున్నారో లోపల పెట్టేసుకున్నారు. "అచ్చుతప్పు. నాన్నగారు ప్రతి కాపీలోనూ చేత్తో దిద్దేవారు. ఇది ముందే పంపేసినట్టున్నారు," అన్నారు. జిరాక్స్ తీసి ఇచ్చాను. మీ క్యాటలాగులో ఎందుకు లేదు అని అడుగుతారేమోనని భయపడ్డాను. అడగలేదు. నేనే చెప్పాను, ఆ తప్పు నాదేనని. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "దొరికింది కదా బాబూ," అన్నారు. నలభై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన మనిషి అంతకంటే ఎక్కువ అనలేదు.

మా సూపర్‌వైజరు రిటైరయ్యేముందు నా చేత ఆ పుస్తకానికి కొత్త రికార్డు రాయించింది. చుక్కలన్నీ తానే సరిచూసింది. మిగతా పెట్టెల్లోకి నా చేత్తో ఇంకెన్ని అలా వెళ్ళాయో తెలుసుకునే మార్గం మాత్రం లేదు.

ఇదంతా ముప్పై ఏళ్ళనాటి మాట. నేను నేలమాళిగలో చుక్కలు పెడుతున్న 1991లోనే, అక్టోబరులో, యూనికోడ్ మొదటి సంచిక వెలువడింది. అందులో తెలుగుకి 128 గళ్ళు కేటాయించారు. అది మన ఇళ్ళలోని కంప్యూటర్లకి చేరడానికి పదేళ్ళు పట్టింది. ఇప్పుడు మార్క్ రికార్డులో 880 అనే గడిలో పుస్తకం పేరుని తెలుగులోనే రాయవచ్చు, రోమన్ పేరు పక్కనే. కానీ దానంతట అది రాసుకోదు. పాత రికార్డులెన్నో ఇంకా ప్యాంటూ షర్టుల్లోనే ఉన్నాయి.

ఈలోగా ఇంకో పెద్ద పని జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన పనికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డిగారు, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి పది లక్షల పుస్తకాలని స్కాన్ చేయించే పథకం మొదలుపెట్టారు. ఇండియా, చైనా, ఈజిప్టు కలిసి వచ్చాయి. 2007 నాటికి ఆ సంఖ్య దాటిపోయింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రం కావడంతో తెలుగు పుస్తకాలు వేలకొద్దీ అందులోకి ఎక్కాయి. ఇవాళ ఆర్కైవ్‌లో మనం దింపుకుని చదువుకుంటున్న పాత పుస్తకాల్లో చాలాభాగం అక్కడివే. పల్లెటూళ్ళో పుట్టినాయన చేసిన ఆ ఉపకారం ఎన్ని తరాలకైనా తీరేది కాదు.

అయితే అక్కడ ఒక పుస్తకం కోసం వెతికి చూడండి. పుస్తకం పేరు రోమన్ అక్షరాల్లో, ఏ పట్టికకీ లొంగకుండా, ఎవరికి తోచినట్టు వారు కొట్టి ఉంటుంది. దీర్ఘానికి ఒకచోట రెండు అక్షరాలు, ఒకచోట ఒకటి. రచయిత పేరు ఉండవలసినచోట ఒక్కోసారి పీఠిక రాసినాయన పేరు, ఒక్కోసారి ఏమీ ఉండదు. కొట్టిన కుర్రాళ్ళని నేను ఒక్క మాట అనను. రోజుకి ఇన్ని పుస్తకాలని లెక్క ఉండి ఉంటుంది. వాళ్ళకీ సోమవారం పరీక్షలుండి ఉంటాయి. కానీ ఫలితం ఒకటే: పుస్తకం ఉంది, దొరకదు. అప్పుడు నేను ఒక పుస్తకాన్ని అరలోనే పెట్టి పోగొట్టాను. ఇప్పుడు అర మీదకి ఎక్కి ఒక్కొక్కటీ తీసి చూడడానికి కూడా లేదు, ఎందుకంటే అరే లేదు.

అందుకని ఈ పాత రెకాన్ కూలీ మాట ఒకటి. మీలో చాలామంది ఇంట్లో పాత పుస్తకాలు స్కాన్ చేసి పెడుతున్నారు. పేజీలు వంకర రాకుండా ఎంతో శ్రమపడుతున్నారు. దానికి ఇంకో అయిదు నిమిషాలు కలపండి. లోపలి పేజీ చూసి, పుస్తకం పేరు తెలుగులో పూర్తిగా రాయండి. రచయిత పేరు ఇంటిపేరుతో సహా రాయండి. ఏ ఊళ్ళో, ఏ ప్రెస్సులో, ఏ ఏడు అచ్చయిందో రాయండి. పేజీలెన్నో లెక్కపెట్టి రాయండి. ముఖ్యంగా పేజీలు.

మొన్నామధ్య ఊరికే, ఆ శతకం రికార్డు ఇంకా ఉందో లేదో చూద్దామని వెతికాను. ఉంది. అన్ని లైబ్రరీల ఉమ్మడి జాబితాలోకీ ఎక్కింది. 040 గడిలో మా లైబ్రరీ గుర్తు ఉంది. నా పేరు ఎక్కడా లేదు. చుక్కలన్నీ మాత్రం ఉండవలసిన చోట ఉన్నాయి.